పద్నాలుగో నంబరు బొమ్మలు

మేడమ్ తన జీవితంలో ఎవరినీ మాటతో నొప్పించలేదని పాస్టరుగారు మైకులో అన్నప్పుడు, చర్చిలో నలుగురైదుగురికి ఒకేసారి దగ్గొచ్చింది. వాళ్ళలో నేనొకణ్ణి. ఆ వాక్యం తరవాత పాస్టరుగారు కూడా ఆగి మంచినీళ్ళు తాగారు. ఒక క్రిస్మస్‌కి స్టేజీ వెనక కట్టడానికి ఆయన దగ్గరుండి వేయించిన బొమ్మల తెరని చూసి, "పాస్టరుగారూ, ఈ గొర్రెలు కాపరిని కరిచేట్టున్నాయండీ" అని అందరిముందూ అన్నది మేడమే. మర్నాటికి తెరమీద గొర్రెలు లేవు. ఆ ఏడాది మా కాపరులు ఖాళీ మైదానంలో నిలబడి, ఏం పోగొట్టుకున్నారో తెలియనట్టు ఆకాశంలోకి చూస్తూ పండగ గడిపారు.

మేడమ్ పోయినందుకు చర్చిలో పెట్టిన ఆ ఆదరణ కూడిక అయ్యాక భోజనాల దగ్గర మేడమ్ మేనకోడలు నా పక్కకొచ్చి నిలబడింది. పామర్రులో స్కూలు టీచరు. అంతకు ముందు నేను చూసి ఎరగను.

"అన్నయ్యా, పోయినేడు మీ పత్రికకి పద్నాలుగో నంబరు మీద ఎనిమిది బొమ్మలొచ్చాయి. గుర్తుందా?"

గుర్తుంది. ఆ బొమ్మల్ని వెనక్కి పంపుతూ నేను రాసిన ఉత్తరాన్ని చాలామందికి చదివి వినిపించి నవ్వించాను కాబట్టి గుర్తుంది. ఆ సంగతి చెప్పకుండా తలూపాను.

"మెయిలు నాది. బొమ్మలు అత్తవి" అంది.

అప్పుడు నా ప్లేటులో ఎవరో పెరుగుచట్నీ వేస్తున్నారు. చాలనడం మర్చిపోయాను.

కాబట్టి జరిగింది ముందే చెప్పేస్తాను. ఆ ఎనిమిది బొమ్మలూ మా పత్రికలో పడాలని మేడమ్ కోరుకున్నారు. ఆ పత్రిక పెట్టింది ఆవిడే. పడనివ్వనిది నేను.

ఇంటర్లో మేడమ్ మాకు జువాలజీ. పాఠం ఎలా చెప్పేవారో గుర్తులేదు. రికార్డు ఎలా దిద్దేవారో మాత్రం ఆ బ్యాచిలో ఎవరం మర్చిపోలేదు. రికార్డంటే ల్యాబులో చూసిన జంతువు బొమ్మ వేసి, భాగాలకి గీతలు లాగి పేర్లు రాసే పుస్తకం. నా కప్పని క్లాసులో పైకెత్తి పట్టుకుని, "ఇది కప్పట. కప్పలెవరైనా ఉంటే అభ్యంతరం చెప్పండి" అన్నారు. నా బొద్దింక పక్కన, "ఆరు కాళ్ళు చాలు. ఏడోది లేనివాళ్ళకివ్వండి" అని ఎర్రసిరాతో రాశారు. మా వరసలో ఒకమ్మాయి వానపాముకి మెత్తగా షేడింగ్ ఇచ్చుకొస్తే, "దీనికి పౌడరెందుకు రాశావమ్మా? పెళ్ళిచూపులా?" అన్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు గుంటూరులో పెద్ద డాక్టరు. కూడికకి వచ్చింది. దగ్గినవాళ్ళలో ఆవిడ దగ్గే గట్టిది.

రికార్డు బొమ్మలు సొంతంగా వేసుకునేవాళ్ళు ఆ రోజుల్లో తక్కువ. కాలేజీకి ఎదురుగా జిరాక్సు షాపాయన అందరికీ వేసిపెట్టేవాడు. వేరే కాలేజీల్లో లెక్చరర్లు చూసీచూడనట్టు సంతకం పెట్టేవారు. మేడమ్ ఒక పేజీ చూసి, "ఈ చెయ్యి నీది కాదు. ఎదురు షాపాయనది. ఆయనకి ఇరవైకి పద్దెనిమిది, నీకు సున్నా" అనేవారు. అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం రోడ్డు దాటి వెళ్ళి, గిరాకీ నిలబడి ఉండగానే ఆయనకి మార్కులు చెప్పేవారు. "చేప మొప్పల దగ్గర రెండు మార్కులు పోయాయండీ మీకు. మొప్ప ఎప్పుడైనా ఎత్తి చూశారా? ఆదివారం మార్కెట్టుకెళ్ళి చూడండి." ఆయన నిజంగానే వెళ్ళి చూశాడట. ఆ తరవాత ఆ షాపు చేపలకి వంక పెట్టినవాళ్ళు లేరు. మేమంతా మాత్రం సున్నాలతోనే ఉన్నాం.

మొగల్రాజపురంలో కొండ కింద ఆవిడ ఇల్లు. ఒంటరి మనిషి. ముందుగదిలో గోడంతా బీరువా, బీరువా నిండా బైండు చేయించిన లావుపాటి పుస్తకాలు. నలభై ఏళ్ళ వారపత్రికల్లోంచి కథలకీ సీరియళ్ళకీ వేసిన బొమ్మలు కత్తిరించి, అట్టల మీద అంటించి కుట్టించినవి. ఒక్క అక్షరం ఉండదు. కథలన్నీ పాత కాగితాలవాడికి పోయాయి.

"కథ చదవకుండా బొమ్మెలా అర్థమవుతుంది మేడమ్?" అని ఒకసారి అడిగాను.

"కథ చదివితే బొమ్మ చూడవు. కథకి సరిపోయిందా లేదా చూస్తావు. ఇదిగో, ఈ అమ్మాయి ఏడు వారాలు కిటికీ దగ్గరే నిలబడింది. ఎనిమిదో వారం జడ విప్పింది. ఇంతకన్నా ఏం కావాలి?"

"ఎందుకు విప్పిందో?"

"నీకెందుకయ్యా? నీ జడా?"

బొమ్మలంటే అంత పిచ్చి. తన పిచ్చికి ఆవిడ పెట్టుకున్న పేరు 'శ్రద్ధ'. కంటికి ఆనించి చూసేవారు, వేలితో గాలిలో ఆ గీత వెంటే పోయేవారు. మంచి గీత దగ్గర మాత్రం నోరు మూసుకునేవారు. ఆ నిశ్శబ్దం సంపాదించుకున్నవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్ళెవరికీ ఆ సంగతి తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే ఆవిడ ఏమీ అనలేదు కదా.

రిటైరైన ఏడాదికి నాకు ఫోన్ చేసి రమ్మన్నారు. నేనప్పటికి ఎమ్మే ఇంగ్లీషు చదివి, కోచింగ్ కాలేజీలకి ర్యాంకుల ప్రకటనలు రాస్తున్నాను. పాత స్టూడెంటు ప్రసాదుని కూడా పిలిచారు. అతనికి బెంజి సర్కిల్ దగ్గర ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపుంది, వెబ్‌సైటు పని కూడా తెలుసు.

"నెట్‌లో పత్రిక పెడదాం. రెణ్ణెల్లకోసారి. అన్నీ బొమ్మలే. కథలుండవు, కవితలుండవు, ముందుమాట అసలుండదు" అన్నారు.

"కింద ఒక ముక్కన్నా రాయాలి కదండీ, ఏం బొమ్మో తెలియడానికి?" అన్నాడు ప్రసాదు.

"చూసి తెలియకపోతే ఆ బొమ్మ మనం వెయ్యం."

"అయితే నేనెందుకు మేడమ్?" అన్నాను.

"వెనక్కి పంపే ఉత్తరాలు రాయడానికి. నీకు బొమ్మ రాదు, మాటొచ్చు. వచ్చినవాటిలో పదింట తొమ్మిది వెనక్కి పంపేవే ఉంటాయి. నీకు బోలెడంత పని."

నన్ను అంత సూటిగా మెచ్చుకోవడం అదే మొదలు. అదే చివర కూడా.

పత్రికకి మూడు నియమాలు పెట్టారు. ఒకటి, బొమ్మలు ప్రసాదు దగ్గరకే వస్తాయి. పేరూ ఊరూ తీసేసి నంబరు వేసి అతను మా ముందు పెట్టాలి, వెనక్కి పోయే ఉత్తరం మీదా ఆ నంబరే ఉండాలి. "మనవాళ్ళు బొమ్మకన్నా ముందు ఇంటిపేరు చూస్తారు. ఇంటిపేరు చూస్తే మనవాడా కాదా అంటారు. మనవాడైతే జాలి, కాకపోతే ఇంకోటి. రెండూ వద్దు" అన్నారు. రెండు, ముగ్గురమూ సరేనంటేనే బొమ్మ పడుతుంది. మూడు, వెనక్కి పంపే ఉత్తరంలో ఎందుకు పంపుతున్నామో ఒక కారణం ఉండాలి, చివర 'మళ్ళీ పంపండి' అని ఉండాలి. "కారణం చెప్పకుండా బాగోలేదనడం బద్ధకం" అనేవారు. మళ్ళీ పంపండి అన్నది ఎందుకో చెప్పలేదు. మర్యాదకేమో అనుకున్నాను.

రెండో శనివారం మధ్యాహ్నాలు ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. టీ, రస్కులు. నేను రాసిన ఉత్తరాలు ప్రింటు తీసుకెళితే, మేడమ్ రికార్డు దిద్దినట్టే దిద్దేవారు. నా చమత్కారాలన్నీ అడ్డంగా కొట్టేసేవారు.

"బాగుంది కదా మేడమ్ ఆ మాట?"

"బాగుంది. అయితే ఆ మాటతో అతను రేపు పెన్సిలు పట్టుకుని ఏం చేస్తాడు?"

కొండపల్లి నుంచి ఒకావిడ అంబారీ ఏనుగు, దశావతారాలు, అన్నీ ఆ కర్రబొమ్మల్నే కాగితం మీద వేసి పంపింది. ఇంటిల్లిపాదీ ఆ బొమ్మలు చేసేవాళ్ళేనని తరవాత తెలిసింది. మేడమ్ చెప్పి రాయించిన కారణం ఇది: 'బొమ్మని చూసి బొమ్మ వేశారు. దుకాణంలో అవి మాకూ దొరుకుతాయి. అవి చేసే చేతులు మీ ఇంట్లో ఉంటే వాటిని వెయ్యండి. లేకపోతే మానెయ్యండి. మళ్ళీ పంపండి.' మానెయ్యండి, మళ్ళీ పంపండి అని పక్కపక్కన రాయడం నాకే ఇబ్బందిగా ఉందన్నాను. "ఆమెకి ఉండదులే" అన్నారు. ఆరు నెలలకి ఒక ముసలావిడ చేతులు వచ్చాయి. వేళ్ళ సందుల్లో రంగు ఎండిపోయి, బొమ్మలు చెక్కే పొణికి చెక్క పట్టుకుని. ప్రసాదు అది ల్యాప్‌టాప్ తెరమీద పెట్టగానే మేడమ్ ఏమీ అనలేదు. ఆ రోజు రెండోసారి టీ పెట్టారు.

ఇక పద్నాలుగో నంబరు.

ఆ శనివారం ప్రసాదు ఎనిమిది పెన్సిలు బొమ్మలు ఒక్కొక్కటే తెరమీదకి తెచ్చాడు. బస్టాండులో బుట్టలతో ఆడవాళ్ళు. నాటువేస్తున్న వరస. కాలవగట్టు మీద సైకిలు పట్టుకున్న మనిషి. మామూలుగా మేడమ్ లేచి వచ్చి తెరకి ముక్కు ఆనించేవారు. ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు. "నాకిక్కణ్ణించి కనిపిస్తోందిలే" అన్నారు. మోకాళ్ళ నొప్పులనుకున్నాం.

"గీత భలే నీటుగా ఉందండీ. ఇంత సన్నగా, చెయ్యి వణక్కుండా ఈ మధ్య ఎవరూ వెయ్యట్లా" అన్నాడు ప్రసాదు.

"సరే. నువ్వు చెప్పు" అన్నారు నన్ను.

ఆ రోజు నేను మంచి ఊపులో ఉన్నాను. "మనుషులున్నారు గానీ మేడమ్, మన ల్యాబులో మూల అలమార గుర్తుందా? పాము, తేలు, చేపా సీసాల్లో ఉండేవి. వీళ్ళనీ అట్టాగే ఫార్మలిన్‌లో పెట్టినట్టుంది. మూతలు తియ్యొద్దని రాద్దాం, వాసనొస్తుంది."

ప్రసాదుకి టీ పొలమారింది. మేడమ్ కూడా నవ్వారు. కాస్త ఆలస్యంగా నవ్వారు, తొందరగా ఆపేశారు.

"ఎనిమిదీ సరిగ్గా చూశావా?"

"ఒకటి చూస్తే ఎనిమిదీ చూసినట్టేనండీ."

"అయితే వద్దంటావు."

"వద్దనే. మీరేమంటారు?"

"ఒకరు వద్దంటే వద్దే కదా. ఇంక నేననేదేముంది?"

మూడేళ్ళలో ఒక బొమ్మ గురించి ఏమీ చెప్పకుండా ఆవిడ తప్పుకోవడం అదొక్కసారే. పాపం ఓపిక తగ్గిందనుకున్నాను. తన బొమ్మకి తను సరేననకూడదని ఆవిడ అనుకున్నారని ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు నాకు చాలా సంగతులు తెలుస్తున్నాయి.

"కారణం రాసుకో" అన్నారు. చెబుతుంటే రాసుకున్నాను. "'గీతలో తప్పు లేదు. మనుషులంతా మీ కోసం కదలకుండా నిలబడినట్టు వేశారు. ఎవరూ ఎవరి కోసమూ నిలబడరు. బస్సెక్కేవాళ్ళని ఎక్కుతుండగా, బుట్ట ఎత్తుకునేవాళ్ళని ఎత్తుకుంటుండగా చూడండి. తప్పులు పోతే పోనీ.' రాశావా? కింద 'మళ్ళీ పంపండి.' మర్చిపోకు."

"సీసాల మాట కూడా పెడతానండీ. మంచి మాట."

"వద్దు. కొట్టెయ్. అది ఆవిడకి పనికొచ్చేది కాదు. నీకు పనికొచ్చేది."

"ఆడో మగో మనకి తెలవదు కదండీ?" అన్నాడు ప్రసాదు.

"గీత చూస్తే తెలియట్లా?"

"నాకు తెలియట్లా."

"అందుకే ఫ్లెక్సీలేస్తున్నావు."

మళ్ళీ నవ్వుకున్నాం. ముగ్గురం.

ఇంటికెళ్ళి ఉత్తరం టైపు చేశాను. మేడమ్ చెప్పింది చెప్పినట్టు పెడితే నాకు అందులో ఏమీ మిగల్లేదు. నెలంతా 'మా విద్యార్థులే, మా ర్యాంకులే' అని రాసేవాణ్ణి. దొరక్క దొరక్క ఒక మంచి వాక్యం దొరికితే చంపుకోవడం ఎలా? సీసాలు తిరిగి పెట్టాను. అవి మొదట్లో పెడితే పేలలేదు. చివర పెట్టాను. దాని తరవాత 'మళ్ళీ పంపండి' అనేది, జోకు చెప్పాక చెప్పినవాడే నవ్వినట్టుంది. అందుకని అది తీసేశాను. 'మీ బొమ్మల్లో మనుషులు ఫార్మలిన్ సీసాల్లో ప్రశాంతంగా ఉన్నారు. దయచేసి మూతలు తియ్యకండి.' అక్కడ ఉత్తరం అయిపోయింది. కారణం మేడమే చెప్పారు కదా అని ఈసారి ఆవిడకి ప్రింటు చూపించకుండా ప్రసాదుకి పంపితే, నవ్వుతున్న బొమ్మ ఒకటి తిరిగి పంపి, ఆ మెయిలుకి పంపించేశాడు.

చేతులు కడుక్కునే చోట మేనకోడలు మిగతాది చెప్పింది. మా రెండో శనివారం పోను మిగతా శనాదివారాలు మేడమ్ పామర్రు వెళ్ళేది ఈ బొమ్మల కోసమేనట. జీవితమంతా జంతువుల్నే వేశాను, ఒక్కసారి మనుషుల్ని వేసి చూడాలి అనేవారట. సొంత పత్రిక కదా, వేసుకోవచ్చు కదత్తా అంటే, "వేసుకుంటే ఏం తెలుస్తుందే? వాళ్ళు వేస్తే తెలుస్తుంది" అన్నారట.

"ఉత్తరమొచ్చిందని నేనే పక్కన కూర్చుని నా ఫోన్లో చూసి చదివా అన్నయ్యా. 'మళ్ళీ పంపండి అని లేదేంటే? కిందకి జరుపు' అంది. జరిపా. ఇంకేం లేదత్తా అన్నా. ఫోను తన చేతిలోకి తీసుకుని తనే జరుపుకుంటా చూసింది."

"ఏమన్నారు?"

"పెన్సిళ్ళు మా స్కూలు పిల్లలకిచ్చెయ్యమంది. చెక్కుకునేది కూడా."

ఆ అమ్మాయి నన్ను తిట్టడానికి చెప్పలేదు. ఆ ఉత్తరం ఎవరు రాశారో తనకి తెలియదు. ఆ బొమ్మలు ఇప్పుడైనా పత్రికలో వేస్తే అత్త ఆత్మకి బాగుంటుందేమోనని అడగడానికొచ్చింది.

ఇంటికొచ్చి ఎనిమిదీ మళ్ళీ చూశాను. ఈసారి ఒక్కొక్కటీ. నేను పొరపాటు పడి ఉండాలని ఎంతగానో కోరుకుంటూ చూశాను. పొరపాటు లేదు. మేడమ్ చెప్పిన కారణం ప్రతి బొమ్మలోనూ ఉంది. అందరూ నిలబడే ఉన్నారు. ఆ కారణం పట్టుకుని ఇంకో ఏడాది పామర్రు బస్టాండులో కూర్చుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆవిడైతే చెప్పగలిగేవారు.

ప్రసాదుకి ఫోన్ చేసి చెప్పాను. "వేసేద్దాం గురూ. ఇప్పుడెవరడుగుతారు?" అన్నాడు.

"జాలితో వెయ్యకూడదు కదా, నియమం."

"నియమమా? 'మళ్ళీ పంపండి' కూడా నియమమే. అదేమైంది?"

ఫోన్ పెట్టేశాను. బొమ్మలు వెయ్యలేదు.

ఆ ఉత్తరం తరవాత మేడమ్ పది నెలలు బతికారు. ఐదు సంచికలు తెచ్చాం. అదే బల్ల, అదే టీ, అవే రస్కులు. కొట్టెయ్యమన్న మాట తిరిగి పెట్టానని నన్ను అడగాలంటే, ఆ ఉత్తరం తనకే వచ్చిందని చెప్పుకోవాలి. ఆవిడ అడగలేదు. వచ్చిన బొమ్మల మీద నోరు ఎప్పట్లాగే ఉండేది. నా ఉత్తరాల ప్రింట్లు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, ఒక్క ముక్క కూడా దిద్దకుండా, మడతపెట్టి నా చేతికిచ్చేసేవారు. చమత్కారాలు ఎక్కడివక్కడే ఉండేవి. ఇన్నేళ్ళకి మేడమ్‌కి నచ్చేట్టు రాయడం వచ్చిందని, ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను.